టీవీ ముందు చాచిన వేళ్ళు

ఇంచుమించు పాతికేళ్ళపాటు మనుషుల వేళ్ళు పొడిచి జీతం తీసుకున్నాను. ఈ మాట పెళ్ళిభోజనాల్లో పక్క విస్తరి వాళ్ళతో అంటే కాస్త దూరం జరుగుతారు. ఫైలేరియా యూనిట్లో ల్యాబ్ టెక్నీషియన్ని నేను. బోదకాలు తెచ్చే పురుగు ఎవరి ఒంట్లో ఉందో రక్తంలో వెతికి చెప్పడం నా పని. రిటైరయ్యే వయసు రాకముందే వదిలేశాను. ఎందుకంటే మోకాళ్ళ నొప్పులని చెబుతాను గానీ, ఆఫీసర్లతో వాదించి వాదించి గొంతు అరిగిపోయిందన్నదే నిజం.

ఇప్పుడు ల్యాబుల్లో చేరే పిల్లలు అప్పుడప్పుడు తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వస్తుంటారు. "మీ రోజుల్లో అర్ధరాత్రి ఊళ్ళ మీద పడి రక్తాలు తీసేవారటగా మేడం?" అని దొంగతనం గురించి అడిగినట్టు అడుగుతారు. తీశాం. ఆ రాత్రుల్లో ఒకదాని సంగతి చెబుతాను. అందులో క్రికెట్ ఉంది. ఆ ఆట నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ అంతంతమాత్రమే. కాబట్టి ఆట గురించి తప్పులు రాస్తే ఉత్తరాలు రాయకండి.

ముందుగా ఒక్క విషయం. ఈ పురుగు పిల్లలు పగటిపూట వేలి రక్తంలో దొరకవు. పగలంతా ఒంటి లోపలెక్కడో, ఊపిరితిత్తుల దగ్గర, తలదాచుకుంటాయి. దోమ కుట్టే వేళకి చర్మం కింది సన్నటి నాళాల్లోకి వస్తాయి. దోమ కోసం వస్తాయని ఏ పుస్తకం తిరగేసినా ఉంటుంది. బయట చీకటి పడిందని లోపలున్న వాటికి చెప్పేదెవరు? ఆ ప్రశ్నకి ఒక్కో పుస్తకం ఒక్కో రకంగా జవాబు చెప్పింది. ఒక్కటీ నన్ను ఒప్పించలేదు. ఏమైతేనేం, పురుగు రాత్రి బయటికొస్తుంది గనక మేమూ రాత్రే బయల్దేరేవాళ్ళం. నిద్రపోయేవాళ్ళని లేపి, "వేలివ్వండి, పొడుస్తాం" అనేవాళ్ళం. ఎంత మర్యాద దొరికేదో ఊహించుకోండి.

రెండువేల ఏడులో, ఎండలింకా ముదరని రోజుల్లో, ఒకావిడ ఏలూరులో మా యూనిట్‌కి వచ్చింది. కొల్లేటి లంక గ్రామం ఆవిడది. ఎండుచేపలు అమ్ముకుంటుంది. వయసులో నాకంటే ఏ నాలుగేళ్ళో పెద్దది. ఎడమకాలు మోకాలి కిందనుంచి అరటిబోదెలా ఉంది.

"ఏవండీ మేడం గారూ, మా ఊళ్ళో ఈ జబ్బే లేదని రాశారంటండి?"

"ఎవరు చెప్పారు?"

"మా నర్సమ్మండి. పోయినేడు మీవోళ్ళొచ్చి రక్తాలు చూశారంట. ఒక్కళ్ళకీ లేదని తేలిందంట. మరిదేంటండి?" అంటూ ఆ కాలు తీసి నా బల్ల పక్కనున్న స్టూలు మీద పెట్టింది.

నన్ను మాటతో ఆపినవాళ్ళు తక్కువ. కాలితో ఆపింది ఆవిడొక్కతే. అయినా ఊరుకుంటానా. "నీ కాలు పాత జబ్బమ్మా. మేం వెతికేది రక్తంలో. కాలు వాచినవాళ్ళ రక్తంలో చాలాసార్లు పురుగే ఉండదు. పైకి నిక్షేపంగా తిరిగేవాళ్ళలోనే ఉంటుంది," అన్నాను.

"అదేగదండి నా భయం. మావోడు నిక్షేపంగా తిరుగుతున్నాడు."

ఒక్కడే కొడుకట. ఇరవై దాటాయి. రెండు మూడు నెలలకోసారి చలిజ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గగానే బంతి పట్టుకుని పోతాడు.

"రక్తం చూపించారా?"

"చూపించానండి. ఏమీ లేదన్నారు."

"ఎప్పుడు తీశారు?"

"మజ్జానం భోజనాల వేళండి."

నేను తల పట్టుకున్నాను. ఆవిడ కాలు కిందికి దించి, గొంతు కూడా దించింది. "నాకూ ఇలాగే మొదలైందండి. జొరం, బిళ్ళ. అప్పుడు చెప్పేవోళ్ళు లేరు. నా కాలు నాతో పోద్ది. ఆడి కాలు కూడా ఇలాగవుతుంటే చూత్తా కూచోలేనండి. రేత్రి మాత్రం రక్తం ఇవ్వనంటున్నాడు. మీరే రండి."

పోయినేడు వెళ్ళొచ్చిన బృందాన్ని అడిగాను. చీకటి పడితే దోనె నడిపేవాడు దొరకడని, పొద్దు వాలకముందే రక్తాలు తీసుకుని బయటపడ్డామని, ఏదో తెలివైన పని చేసినట్టే చెప్పారు. మా ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళాను. మెత్తటి మనిషి. ఆయనతో గొడవపడటమంటే దూదిని గుద్దడమే.

"సున్నా వచ్చిందంటే సంతోషించాలమ్మా. సున్నా వస్తే బాధపడే మనిషిని నిన్నే చూశాను."

"సార్, మిట్టమధ్యాహ్నం గుడ్లగూబల కోసం వెతికి, ఊళ్ళో గుడ్లగూబలే లేవని రాస్తే ఒప్పుకుంటారా?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ సర్వే చేసుకోమన్నారు. మార్చి నెలాఖరే గడువు. ఊళ్ళో కనీసం సగం మంది రక్తం ఇవ్వాలి. లేకపోతే సున్నాయే ఖాయం. సున్నా ఖాయమైతే ఆ ఏడు మా వాళ్ళు ఆ ఊరి గడప తొక్కరు. పురుగుని చంపే మాత్రలు చేతిలో పెట్టి పోవడం వేరు, ఎదురుగా నిలబడి మింగించడం వేరు. మేం వెళ్ళని ఊళ్ళో మాత్రలు చూరులో ఉంటాయి, పురుగు ఒంట్లో ఉంటుంది.

నాతో వచ్చింది మా యూనిట్లో పెద్దాయన. ఆయన ఉద్యోగం పేరు ఇన్‌సెక్ట్ కలెక్టర్. గొడ్లసావిళ్ళలో, మంచాల కింద దూరి గొట్టంతో దోమల్ని పీల్చి పట్టడం ఆయన పని. కొత్త ఊళ్ళకి వెళ్ళినప్పుడు మొదటి మాట మింగేసి, "కలెక్టర్ని వచ్చాను" అనేవాడు. ఒకటి రెండు ఊళ్ళలో ఆయనకి కుర్చీ తుడిచి వేశారు కూడా.

జీపు రోడ్డున్నంత దూరం, అక్కణ్ణుంచి దోనె. మొదటి రాత్రి ఒక్క తలుపూ సరిగ్గా తెరుచుకోలేదు. వాళ్ళని తప్పు పట్టలేను. అంతకుముందు ఏడే కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించింది. సరస్సు బతకాలంటే తప్పదన్నారు. అది నిజమే కావచ్చు. ఆ చెరువుల మీద బతికినవాళ్ళకి మేం కూడా ప్రభుత్వమే. అరుగు మీద చుట్ట కాలుస్తున్న ఒక ముసలాయన చుట్ట తీయకుండానే అడిగాడు. "చెరువులు తీసుకున్నారు. ఇప్పుడు రక్తం కావాలా? ఎముకలకి ఎప్పుడొత్తారండి?"

ఆవిడ కొడుకుని ఆ రాత్రే చూశాను. పొడుగ్గా, సన్నగా, తుమ్మమొద్దులాంటి చేతులతో ఉన్నాడు. ఊరి జట్టుకి కెప్టెన్, బౌలరు. గట్లు తెగి ఎండిపోయిన చెరువు అడుగుని చదును చేసి అక్కడే ఆడతారట. అంతకంటే మంచి పిచ్ జిల్లాలో లేదని గొప్పగా చెప్పాడు.

"రోజూ పది ఓవర్లు ఏసేవోణ్ణండి నేను. నాకేం రోగమండి?"

"లేకపోతే మంచిదే. ఒక్క చుక్క."

"బంతి పట్టుకునే ఏళ్ళండియ్యి," అని రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. జేబుల్లో పిడికిళ్ళు బిగించి ఉన్నాయి. రోగం లేదన్న ధీమా కాదది. వాళ్ళమ్మ కాలు రోజూ చూసేవాడికి ఆ ధీమా ఎక్కణ్ణుంచి వస్తుంది?

తరవాత వరల్డ్ కప్పు మొదలైంది. నాకు తెలియలేదు. తెలిసింది ఆదివారం పొద్దున, ఏదో మీటింగుందని గూడెంలో పాసింజరు ఎక్కినప్పుడు. పెట్టెలో చావు ఇంట్లో ఉన్నంత నిశ్శబ్దం. అందరి కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎవరు పోయారండీ?" అని పక్కాయన్ని మెల్లగా అడిగాను.

"ఇండియా అండీ," అన్నాడు. "బంగ్లాదేశ్ మీద. రాత్రి రెండింటిదాకా మేలుకుని చూశాం ఈ దరిద్రాన్ని."

"రాత్రి రెండింటిదాకా ఎందుకు? పగలు ఆడరా?"

వెస్టిండీస్‌లో జరుగుతోందట. వాళ్ళ పగలు మనకి రాత్రి. ఇక్కడ ఏడింటికి మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగుతుందట. జిల్లా మొత్తం మగవాళ్ళు సరిగ్గా పురుగు బయటికొచ్చే వేళకి ఒకచోట కదలకుండా కూర్చుంటున్నారన్నమాట! నా నోట్లోంచి "భలే!" అని వచ్చేసింది. ఇండియా ఓడిపోతే భలే అన్న ఆడమనిషిని ఆ పెట్టె మొత్తం తిరిగి చూసింది. ఏలూరు వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

సోమవారం రాత్రి బెర్ముడాతో మ్యాచ్. సామాను సర్దుకుని లంకకి వెళ్ళాం. ఊరి టీవీ చేపల సొసైటీ షెడ్డులో ఉంది. చేపలు లేవు, ఐసు లేదు, వాసన మాత్రం పోలేదు. చేపల ట్రేలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. గుమ్మంలో నిలబడి కెప్టెన్‌ని అనుమతి అడిగాను. టీవీకి అడ్డం రాకూడదు, లైటు వెయ్యకూడదు, మధ్యలో ఉపన్యాసం చెప్పకూడదు. మూడో షరతు నన్ను చూసి అప్పటికప్పుడు చేర్చాడనుకుంటాను.

మా పెద్దాయన టార్చి పట్టుకున్నాడు, నేను సూది పట్టుకున్నాను. టీవీలో ఇండియా బాదుతూనే ఉంది. మనుషులు తెర మీంచి చూపు తిప్పకుండా, బస్సులో కండక్టరుకి చిల్లర అందించినట్టు, చెయ్యి వెనక్కి చాచేశారు. దూదితో తుడవడం, పొడవడం, చుక్క స్లైడు మీద పరవడం. "అబ్బా" అన్నవాడు లేడు. ఒకడికి పొడిచినప్పుడు సిక్స్ పడింది. పక్కవాడు తన వేలు తానే ముందుకు తోశాడు. చుట్ట ముసలాయన కూడా ఇచ్చాడు. కెప్టెన్ మాత్రం చేతులు చంకల్లో దాచుకుని టీవీ చూస్తూ కూర్చున్నాడు. ఇండియా నాలుగొందలు దాటించింది, ఘనంగా గెలిచింది. మా స్లైడ్లు మాత్రం సగం ఊరికి ఇంకా చాలా తక్కువ.

రెండు రోజులకి ఆఫీసరు గారు నన్ను పిలిచారు. మొహంలో కంగారు. "లంక నుంచి ఫోనమ్మా. శుక్రవారం నువ్వు తప్పకుండా రావాలట. ఏం చేశావు వాళ్ళని?"

చేసిందేమిటో మా పెద్దాయన విడమర్చి చెప్పాడు. బంగ్లాదేశ్ మ్యాచ్‌కి మేం లేం, ఓడిపోయారు. బెర్ముడా మ్యాచ్‌కి మేం ఉన్నాం, పొడిచాం, గెలిచారు. శుక్రవారం శ్రీలంకతో. ఓడితే ఇంటికే. ఊరు కూర్చుని ఆలోచించి తేల్చుకున్న సంగతి ఇది: మేడం సూది మంచిది.

నాకు ఒళ్ళు మండింది. బీఎస్సీ చదివాను. శకునాలు చూసే అత్తగారితో ఇరవై ఏళ్ళు పోట్లాడి నెగ్గాను. చివరికి నేనే ఒక శకునాన్నయ్యానా? "నేను వెళ్ళను. ఇలా వచ్చే రక్తం నాకక్కర్లేదు," అన్నాను.

పెద్దాయన తాపీగా తన దోమల గొట్టం తుడుచుకుంటున్నాడు. "అమ్మా, నన్ను కలెక్టరనుకుని కుర్చీ వేసినప్పుడు నేనేం లేచిపోలేదు. కూర్చునే దోమలు పట్టాను. మీ స్లైడు మీద చుక్క పడ్డాక, అది ఎందుకు పడిందో మైక్రోస్కోపులో కనబడుతుందా?"

వెళ్ళాను. వెళ్ళగానే షెడ్డు గుమ్మంలో పెద్ద అలజడి. "మేడం గారూ, ఆ రోజు ఆకుపచ్చ చీర కట్టుకున్నారుగదండి!" ఆ రోజు కట్టింది ఉతుక్కి వేశాను. ఇవాళ పసుపుది. ఇద్దరు ముగ్గురు తలలు పట్టుకున్నారు. ఎండుచేపల ఆవిడ ఇంటికి కుంటుకుంటూ పోయి తన ఆకుపచ్చ చీరొకటి తెచ్చి, నా భుజాల చుట్టూ కప్పింది. మండు మార్చిలో, ఎండుచేపల వాసనేస్తున్న చీర కప్పుకుని, ఐసు పెట్టె పక్కన సరిగ్గా ఆ రోజు నిలబడ్డ చోటే నన్ను నిలబెట్టారు.

నేను ఊరుకోలేదు. "మీ వేలికీ అక్కడెక్కడో వాళ్ళ బ్యాటుకీ సంబంధమేంటయ్యా?" అని కెప్టెన్‌ని నిలదీశాను.

"మీరు పురుగు రేత్రే పైకొత్తదన్నారు. మేం నమ్మాం. దానికెలా తెలుత్తదండి రేత్రయిందని?" అన్నాడు.

ఆ జవాబు నాకే దొరక్క ఏళ్ళయింది. "సైంటిస్టులు ఇంకా తెలుసుకుంటున్నారు," అన్నాను.

"మేమూ తెలుసుకుంటున్నామండి," అన్నాడు.

శ్రీలంక ముందు బ్యాటింగు. ఆ రాత్రి ఊరు ఊరంతా ఇచ్చింది. మొన్న ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇస్తామని గొడవ. కొత్తవాళ్ళని వరసలో పెట్టడం పెద్దాయన వంతు. వాళ్ళ వికెట్ పడినప్పుడల్లా ఇంకో నాలుగు చేతులు లేచేవి. పడకపోతే, "ఆడోళ్ళ రక్తం కూడా తియ్యండి మేడం" అని ఇళ్ళకి కబురు పంపారు. ఆడవాళ్ళు గుమ్మాల్లోంచి, "మీ ఆటకి మా రక్తమేంట్రా" అని తిడుతూనే వేళ్ళు ఇచ్చారు. సగం ఎప్పుడో దాటింది. ఆఫీసరు గారి షరతు నెగ్గింది. నాకు కావలసిన వేలు మాత్రం రాలేదు.

"నువ్వు?" అన్నాను.

"ఎలాగిత్తానండి?" అన్నాడు కెప్టెన్, చాలా న్యాయంగా. "మొన్న అందరూ ఇచ్చారు, నేనియ్యలేదు. గెలిచాం. ఇప్పుడు నేనిత్తే మొత్తం మారిపోద్ది గదండి."

షెడ్డంతా తలూపింది. ఊరినంతా నా సూది దగ్గరికి తెచ్చిన నమ్మకమే వాణ్ణి నాకు దూరంగా కట్టేసింది. దాన్ని ఎదిరించి ఒక్క మాటన్నానంటే మిగతా ఊరూ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది. జీవితంలో నోరు మూసుకుని నిలబడ్డ రాత్రుల్లో అదొకటి. భుజాల మీద చీర, లోపల మంట.

పదకొండు దాటాక ఇండియా బ్యాటింగుకి దిగింది. ఆట తెలియని నాకు కూడా ఏదో జరుగుతోందని తెలిసింది. షెడ్డులో ఊపిరి శబ్దం మారింది. ఒకడు పోయాడు. ఇంకొకడు వచ్చాడు, పోయాడు. ఎవరో దేవుణ్ణి తిట్టారు, వెంటనే లెంపలేసుకున్నారు. "మేడం, చీర జారింది, సర్దుకోండి!" అని కేకేశాడొకడు. సర్దుకున్నాను. ఇంకొకడు పోయాడు.

అప్పుడు గుమ్మం దగ్గర ఎండుచేపల ఆవిడ నిలబడింది. మ్యాచ్ నడుస్తుండగా ఆడవాళ్ళు ఆ షెడ్డులోకి రారు. ఆవిడ వచ్చింది. కొడుకు పక్కన ఖాళీగా ఉన్న ట్రే మీద కూర్చుని, కాలు బారజాపింది. టీవీ వెలుగు ఆ కాలి మీద పడుతోంది.

"ఏంట్రా, ఓడిపోతున్నారా?"

"అమ్మా, నువ్వెల్లవే."

"ఎల్తాలే. నువ్వియ్యకపోతే గెలుత్తారన్నావంటగా. నువ్వియ్యలేదుగా. మరెందుకు పోతున్నార్రా?"

కెప్టెన్ చేతులు ఇంకాస్త చంకల్లోకి దూర్చుకున్నాడు.

"ఒక బౌలరు దెబ్బలు తింటుంటే నువ్వేం చేత్తావు? ఆణ్ణే ఏయమంటావా, మార్సుతావా?"

"మార్సుతాను."

"మరి మార్సు."

చుట్ట ముసలాయన వెనకనుంచి, "అదీ పాయింటేరా," అన్నాడు. నేను చదివిన చదువులో, చేసిన వాదనల్లో, అంత పొట్టి వాదన లేదు. వాడి నమ్మకాన్ని ఆవిడ కాదనలేదు. దాని లోపలికెళ్ళి కూర్చుని, కాలు జాపుకుంది.

వాడు నా వైపు చూశాడు. చంకలోంచి ఎడమచెయ్యి తీసి చాచాడు. బౌలింగు చెయ్యి కాదు. ఆ మాత్రం జాగ్రత్త ఉంచుకున్నాడు. వేలు చల్లగా ఉంది. పొడిచాను. చుక్క స్లైడు మీద పడుతుండగా టీవీలో బంతి గీత దాటింది. ఫోర్! షెడ్డు కప్పు ఎగిరిపోయేలా అరిచారు. "ఇంకో ఏలు! ఇంకో ఏలు తియ్యండి మేడం!" కెప్టెన్ రెండు చేతులూ, పది వేళ్ళూ నా ముందు పెట్టాడు. వాళ్ళమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో ఆ వెలుగులో తెలియలేదు. నాకు ఒక్క వేలే చాలు. అయినా స్లైడు పాడైతే పనికొస్తుందని ఇంకోటి తీశాను. సైన్సు కోసమే తీశాను. మీరు నమ్మకపోయినా సరే.

ఇండియా ఓడిపోయింది. ఆఖరి వికెట్ దాకా ఎవరూ చూడలేదు. ఎవరో లేచి టీవీ కట్టేశారు. దోనె ఎక్కుతుంటే వెనక చీకట్లో మాటలు వినిపించాయి. సూదిని తిడతారేమోనని చెవులు రిక్కించాను.

"మేడం గారిదేం తప్పు లేదురా. ఈడే. మొదట్లోనే ఇచ్చుంటే పోయేది కాదు."

ఇండియా వరల్డ్ కప్పులోంచి ఎందుకు వెళ్ళిపోయిందని పేపర్లలో పెద్దపెద్దవాళ్ళు ఎన్నో రాశారు. ఆ లంకలో మాత్రం కారణం ఒక్కటే. మా కెప్టెన్ వేలు ఆలస్యంగా ఇచ్చాడు.

మర్నాడు స్లైడ్లకి రంగు వేసి కూర్చున్నాను. ఊదారంగు చుక్కల మధ్య, వంకర తిరిగిన సన్నటి దారప్పోగుల్లా కనబడతాయి అవి. సున్నా అని రాసిన ఊళ్ళో చాలామందిలోనే దొరికాయి. కెప్టెన్ స్లైడు పెట్టి ఒక్క క్షణం చూసి, కళ్ళు తీసేశాను. వెతకాల్సిన పనే లేదు. అంత నిండుగా ఉంది. ఆఫీసరు గారిని పిలిచాను. ఆయన చాలాసేపు చూసి, కళ్ళజోడు తుడుచుకుని, "గుడ్లగూబలు," అన్నారు. అంతే అన్నారు. మర్నాడే మాత్రల మనుషుల్ని ఆ ఊరికి పంపారు.

మాత్రలు మింగించడానికి ఇంత తేలికైన ఊరిని నేను మళ్ళీ చూడలేదు. ఎవడైనా "రేపు వేసుకుంటా" అంటే చాలు, పక్కవాడు "ఆలస్యం చేత్తే ఏమయ్యిందో చూశాంగదరా" అనేవాడు. కెప్టెన్‌కి మొదటి మాత్రలు పడిన రోజు జ్వరం కాసింది. లోపల పురుగు చస్తుంటే అలా వస్తుంది. వాళ్ళమ్మ తలగడ పక్కన కూర్చుని నాతో అంది, "ఈ జొరం మంచిదేనాండి?" మంచిదేనన్నాను. "మంచి జొరాన్ని ఇప్పుడే చూత్తున్నానండి," అంది.

ఆర్నెల్లకి మళ్ళీ రక్తం చూడాలి. అది సెప్టెంబరులో పడింది. ఈసారి ఇరవై ఓవర్ల ఆటకి ఏదో కొత్త వరల్డ్ కప్పు, ఆఫ్రికాలో. ఫైనల్ రోజు సాయంత్రం వెళ్ళాం. ఆకుపచ్చ చీర నేనే కట్టుకుని వెళ్ళాను. అడిగి మరీ కప్పించుకునే ఓపిక లేక. షెడ్డులో నన్ను చూసి ఈలలు వేశారు. కెప్టెన్ నేను పెట్టె దించకముందే వేలు చాచాడు.

"ఇప్పుడు కాదు. ఎనిమిదిన్నర దాటాలి," అన్నాను.

"అప్పటికి ఆట అయిపోద్దండి!"

"పురుగు మీ ఆట చూసుకుని రాదు."

గిజగిజలాడుతూ కూర్చున్నారు. చివరి ఓవర్ దాకా వెళ్ళింది. నేను కూడా ట్రే అంచుకి జరిగానని ఒప్పుకుంటాను. ఇండియా గెలిచింది. ఒక్క వేలూ పొడవకుండా గెలిచింది. షెడ్డంతా ఖాళీ అయిపోయింది. బయట టపాకాయలు, చెరువు అడుగున పరుగులు. పెద్దాయన కూడా గొట్టం ఊపుకుంటూ పోయాడు. లోపల కెప్టెన్ ఒక్కడే ట్రే మీద కూర్చుని ఉన్నాడు.

"అయితే మన వల్ల కాదన్నమాటండి," అన్నాడు, కాస్త దిగులుగా.

"కాదు," అన్నాను.

బయట వాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నారు. వాడు లేవలేదు. వాచీ లేని చేతిని నా ముందుకు చాచి, "టైమయ్యిందాండి?" అని అడిగాడు. ఈసారి కుడిచెయ్యి.

రెండోనాడు ఎండుచేపల ఆవిడ ఏలూరు వచ్చి, అదే స్టూలు మీద కూర్చుంది. నేను స్లైడు ఒక చివరనుంచి ఇంకో చివరకి, మళ్ళీ వెనక్కి చూశాను. వెతికి వెతికి దొరక్కపోతే విసుక్కునే దాన్ని, ఆ రోజు దొరక్కపోతుంటే గుండె తేలికవుతోంది.

"ఏమీ లేదమ్మా," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "బాగా చూశారాండి? అప్పుడు మా ఊళ్ళో కూడా ఏమీ లేదనే రాశారు."

లేచి నా కుర్చీ ఆవిడకిచ్చాను. ఏ కన్ను మూసుకోవాలో, ఏ మర తిప్పాలో చూపించాను. ఆవిడ వాచిన కాలిని బల్ల కింద సర్దుకుని, ఒంగి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. చాలాసేపు చూసింది. బయట భోజనాల గంట కొట్టారు. పెద్దాయన వచ్చి తొంగి చూసి వెళ్ళాడు. ఆవిడ కన్ను తీయలేదు.

"ఏమైనా కనబడుతోందా?" అన్నాను.

"ఉండండి," అంది. "ఇంకా ఈ చివర చూడలేదు."